మంగళ, గురు, శనివారాల నీళ్లు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చాప ఇటు లాక్కోండి. టీవీ కాస్త తగ్గించండి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. గట్టిగా చెబితే ఆమెకు నచ్చేది కూడా కాదు.

మొన్న ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు మైకు పట్టుకుని, ఆమె ఎప్పుడు పుట్టిందో, భర్త ఎప్పుడు పోయాడో, స్త్రీల సమాజంలో ఎన్నేళ్లు పనిచేసిందో కాగితం చూసి చదివారు. అన్నీ నిజాలే. భోజనాలు కూడా బాగున్నాయి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నాకు అనిపించింది, ఆ కాగితంలో అన్నీ ఉన్నాయి గానీ ఆమె లేదే అని. అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టాను. పేరు మాత్రం చెప్పను. "నా పేరెత్తి సాక్ష్యాలు చెప్పబాకండి, నాకు సిగ్గు" అని బతికుండగానే అనేది. పల్లెలో మేమంతా ఆమెను అక్క అనేవాళ్లం. ఇప్పుడూ అక్క అనే అంటాను.

పొడుగు మనిషి. నడుస్తుంటే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునేది, భుజాన పార లేకపోయినా ఉన్నట్టే. ముందు పన్ను ఒకటి ఊడింది, అయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది. చదువు రాదు. నేనన్నా అయిదో తరగతి దాకా వెళ్లాను, ఆమె బడి అరుగు కూడా ఎక్కలేదు. అయినా గుళ్లో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది. ఒకసారి పక్కనే కూర్చుని చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది.

"అక్కా, తిప్పి పట్టుకో" అన్నాను చెవిలో.

"పాట తిన్నగానే వస్తందిగా, నువ్వు పాడు" అంది.

మా పల్లె పేటకు పోయే పెద్ద రోడ్డు నుంచి ఆటోలో పావుగంట లోపలికి. చుట్టూ నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. అక్కకు ఒక ఎకరం మెరక పొలం, అందులో భర్త పోయేముందు వేయించిన బోరు. మోటారు ఆన్ చేసి, పైపులోంచి మొదటి నీళ్లు దూకగానే దోసిట్లో పట్టుకుని "వందనాలు నాయనా" అనేది. నీళ్లకో దేవుడికో మాకు తెలిసేది కాదు. ఆదివారం మాత్రం మోటారు ముట్టుకునేది కాదు.

"ఆదివారం మిరపకి దాహం వెయ్యదా అక్కా?" అని మగవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు.

"వేస్తది. మధ్యాహ్నం దాకా గుళ్లో కూర్చుంటే నాకూ వేస్తది. ఇద్దరం చావలేదుగా."

ఇంకొకటి ఉంది ఆమెలో. ఒక మాట అన్నదంటే ఇక ఆ మాట వెనక పోవడమే. ఓ గురువారం మాటల్లో "రేపు నీకు గోంగూర తెస్తాలే" అంది నాతో. మర్నాడు తుఫాను వాన. వీధిలో మోకాలి లోతు నీళ్లు. యూరియా సంచి నెత్తిన కప్పుకుని, రొమ్ము దగ్గర గోంగూర కట్ట దాచుకుని వచ్చి నిలబడింది మా గుమ్మంలో.

"నీకేమన్నా పిచ్చా? ఈ వానలో ఎవరడిగారు నిన్ను?" అని అరిచాను.

"నువ్వడగలా. నేనన్నా" అంది. అంతే. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

అప్పుడు నవ్వుకున్నాను. గోంగూర కట్ట దగ్గర నవ్వుకోవచ్చు. ఆ గుణమే ఒక మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో తర్వాత చూశాను. ఇప్పుడు చెప్పబోయేది అదే.

మిరప నాట్లకు ముందు, ముసురు పట్టిన రోజుల్లో, దర్శి అవతలి మెట్ట ఊళ్ల నుంచి ఒక జంట వచ్చింది. మగమనిషి సన్నగా, మాట తక్కువ. ఆడమనిషికి ముప్ఫై ఏళ్లుంటాయి. బొట్టు లేదు. పేరు రూతమ్మ అని చెప్పింది. ఎడమ మోచేతి కింద జానెడు కాలిన మచ్చ. ప్రార్థనకు పోతున్నానని సొంత అన్నదమ్ములే కాల్చిన కర్రతో కొట్టారని, యేసును నమ్మినందుకు ఊళ్లోంచి వెళ్లగొట్టారని, ఎక్కడన్నా కౌలుకు కాస్త నేల దొరికితే బతుకుతామని గుళ్లో నిలబడి ఏడ్చింది. మేమందరం ఏడ్చాం. అక్క లేచి వెళ్లి ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి, దాన్ని నిమురుతూ చాలాసేపు ప్రార్థన చేసింది.

అక్క పొలం పక్కనే ఊళ్లో ఒక రైతుకు ఎకరం పల్లపు నేల ఉంది. బోరు లేక ఎవరూ కౌలుకు తీసుకునేవాళ్లు కాదు. అది వాళ్లకు ఇప్పించింది. గట్టు మీద నిలబడి అందరి ముందూ అంది:

"ఇవాళ్టి నుంచి నువ్వు నా చెల్లెలివి. ఈ పంట ఒడ్డెక్కేదాకా మంగళ, గురు, శనివారాలు నా బోరు నీది. మిగతా మూడు రోజులు నాది. ఆదివారం దేవుడిది."

రూతమ్మ ఆమె పాదాల వంక చూస్తూ తలూపింది.

మీకు తెలుసుగా, మా ఆడవాళ్లకు పిడికెడు బియ్యం ఆనవాయితీ. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. ఆదివారం అది గుళ్లో కుమ్మరిస్తాం. మా అమ్మ చేసేది, వాళ్లమ్మ చేసేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని గనుక ఎవరూ ఎవరికీ నేర్పరు. అక్క రూతమ్మతో "ఆదివారం నీ పిడికెడు తీసుకునిరా" అని మాత్రం చెప్పింది.

ఆదివారం రూతమ్మ తలస్నానం చేసి, తోమిన ఇత్తడి గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చింది. మూత తీస్తే పొగలు కక్కే అన్నం. పైన చిటికెడు పసుపు.

"ఏందమ్మే, యేసయ్యకి నైవేద్యం తెచ్చావా?" అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. రూతమ్మ మొహం తెల్లగా పాలిపోయింది.

అక్క గబగబా వెళ్లి గిన్నె అందుకుంది. "అయ్యగారూ, మీ ఇంట్లో అమ్మగారికి జ్వరమంట కదా, ఇదిగోండి మీ మధ్యాహ్నం భోజనం. మా చెల్లెలు వండింది" అని పాస్టరుగారి చేతిలో పెట్టింది. మళ్లీ అందరూ నవ్వారు. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాం.

మిరప ఎదిగింది. పూత దిగింది. జనవరిలో మొదటి కోతకు మెట్ట ఊళ్ల నుంచి కూలీల ముఠాలు దిగాయి. అందులో ఒకతను రూతమ్మ మొగుణ్ణి చూసి పలకరించాడు. "ఏరా, నువ్వేంది ఇక్కడ? ఈసారి తిరునాళ్లకి ప్రభ కట్టవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు. అడిగిన కొద్దీ అంతా బయటపడింది. వాళ్లను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఏటేటా కోటప్పకొండ తిరునాళ్లకి శివుడి పేరున ఊరి ప్రభ కట్టడంలో ముందుండేవాడట అతను. వరసగా రెండేళ్లు నీళ్లు లేక పంట పోయింది. ఎవరో చెప్పారట, ఫలానా పల్లెలో బోరున్న పెద్దమ్మ ఉంది, యేసు కోసం దెబ్బలు తిన్నామంటే కరిగిపోద్ది అని. నెల రోజులు పాటలు నేర్చుకుని మరీ వచ్చారు. చేతి మీద మచ్చ అంటారా, చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలింది.

పల్లె అంతా భగ్గుమంది. అదే వారం బోరు కూడా మోసం చేసింది. పైపు నిండా దూకే నీళ్లు సగానికి పడిపోయాయి. రూతమ్మ వాళ్లది పల్లం, కొద్ది నీళ్లతోనే చెమ్మ నిలుస్తుంది. అక్కది మెరక. ఆ సగం ధారతో మూడు రోజులు పెట్టినా సగం చాళ్లు కూడా తడవవు. ఆరు రోజులూ తనకే పెట్టుకుంటే తప్ప అక్క మిరప బతకదు. ఇది చూసిన ప్రతివాడికీ తెలుసు.

ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో సంఘపెద్ద అందరినీ ఆపాడు. వరసకు అక్కకు మరిది.

"వదినా, రేపటి నుంచి వాళ్లకి నీళ్లు ఆపెయ్. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మోసం చేశారు. మోసపోయి ఇచ్చిన మాటకి కట్టుబడక్కర్లా."

అక్క చెంగుతో చెమట తుడుచుకుంది. "ఏమయ్యా, వాక్యం చెప్పేవాడివి, నీకు తెలీదా? పాచిపోయిన రొట్టెలు, అరిగిపోయిన చెప్పులు చూపించి, మేం దూరదేశస్తులమని యెహోషువ దగ్గర నాటకమాడారే వాళ్లు. మిమ్మల్ని చంపనని ఆయన మాటిచ్చాక మూడో రోజుకి సంగతి తెలిసింది. ఆయన మాట తప్పాడా?"

"తప్పలా. కానీ వాళ్లని ఊరికే వదిలాడా? జీవితమంతా నీళ్లు మోయించాడు!"

"సరే, ఇక్కడ నీళ్లు మోసేది నేను. అంతేగా తేడా?" అంది అక్క. పందిట్లో నవ్వులు లేచాయి. సంఘపెద్దకు మాత్రం కోపం వచ్చింది.

"నవ్వులాట కాదు వదినా. నీ పంట ఎండిపోద్ది."

"తర్వాతెప్పుడో ఒక రాజు ఆ మాట తప్పితే దేశం దేశమే కరువు పాలైందంట. అదీ నువ్వే చెప్పావు, పోయిన వేసవి కూటాల్లో. నేను విన్నా. నువ్వు మర్చిపోయావు" అంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మంగళవారం వచ్చింది. రూతమ్మ, ఆమె మొగుడు సిగ్గుతో గుడిసె తలుపు వేసుకుని కూర్చున్నారు. నేను పత్తి చేలోకి పోతూ చూశాను. అక్క మోటారు ఆన్ చేసి, తానే పార పట్టుకుని, నీళ్లు మళ్లించే మడవ రూతమ్మ పొలానికి తిప్పుతోంది. తన చెట్లు పక్కనే ఆకులు ముడుచుకుని, పిందెలు వాడిపోయి నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ల ముందు నుంచే నీళ్లు పక్క పొలంలోకి పోతున్నాయి.

"అక్కా, వాళ్లు అడగడానికి కూడా రాలా. నువ్వెందుకు పెడతన్నావు?"

"ఇవాళ మంగళవారం."

"నీ మిరప చచ్చిపోతంది!"

"చూస్తన్నాలేవే. నాకు కళ్లు లేవా?" గొంతు గట్టిగానే ఉంది గానీ, తన చెట్ల వైపు మాత్రం తల తిప్పలేదు. మడవ కట్టి గట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అప్పుడు తనే అంది. "నాకు ఆ అన్నం గిన్నె తెచ్చిన రోజే తెలిసిందే."

"మరి ఇన్నాళ్లూ..."

"దెబ్బలు తినేదాకా మన ప్రార్థనకి పోయినదైతే, పిడికెడంటే కడగని బియ్యమని తెలీకుండా ఉడికిన అన్నం ఎట్లా తెస్తది? పసుపు వేసి మరీ తెచ్చింది. అంటే ఆ పిల్లకి దేవుడంటే అట్లా పెట్టడమే తెలుసు. ఆ పెట్టడం మాత్రం శుభ్రంగా, భక్తిగా పెట్టింది. అబద్ధమాడటానికి వచ్చి కూడా."

"కోపం రాలా అక్కా?"

"ఎందుకు రాదు? వారం రోజులు ప్రార్థనకి కూర్చోలేకపోయా. మచ్చ గుర్తొచ్చేది. ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి నేను ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చేది. ఛీ, నన్ను వెర్రిదాన్ని చేశారు అనుకున్నా." పార కొసతో మట్టి గీకింది. "తర్వాత అనుకున్నా, ఎట్లా కాలిందో చెప్పింది అబద్ధం. కాలటం అబద్ధం కాదుగా. పొయ్యి కాలిస్తే మాత్రం నొప్పి పుట్టదా?"

"అయితే ఎందుకు నిలదియ్యలా?"

"నిలదీస్తే పోయేవాళ్లు. పోతే నేనన్న మాట ఏమవుద్ది?"

ఆ మంగళవారం, గురువారం, శనివారం, మళ్లీ మంగళవారం, ఎండలో ఆమె ఒక్కతే అటు నీళ్లు తిప్పడం పల్లె అంతా చూసింది. మొదట తిట్టారు. తర్వాత వెక్కిరించారు. తర్వాత అటుగా పోయేవాళ్లు మాటలు ఆపి పోయేవాళ్లు. గుళ్లో మోకరించినప్పుడు కూడా మేమంత నిశ్శబ్దంగా ఉండం. సంఘపెద్ద ఒకరోజు వచ్చి, ఆమె చేతిలో పార తీసుకుని, రెండు చాళ్లకు తానే మడవ తిప్పి వెళ్లాడు.

ఫిబ్రవరి దాటేసరికి అక్క ఎకరం పుల్లలైంది. రెండో కోతకు ఒక్క కాయ మిగల్లేదు. పక్క పొలం మాత్రం ఎర్రగా విరగకాసింది.

కోతకు మా ముఠానే పిలిచారు రూతమ్మ వాళ్లు. పొద్దున్నే నెత్తికి తువ్వాళ్లు చుట్టుకుని, పాత చొక్కాలు తొడుక్కుని బయలుదేరుతుంటే అక్క వచ్చింది. ఆమె కూడా తువ్వాలు చుట్టుకుని ఉంది.

"నాకూ ఒక చాలు ఇవ్వండే."

"ఎవరి పొలమో తెలిసే అంటన్నావా?" అన్నాను.

"నీళ్లు పెట్టినదాన్ని, నాకు తెలీదా? నా చేలో ఏముంది కొయ్యటానికి? ఇంట్లో కూర్చుంటే కూడెవరు పెడతారు?"

అలా, తన నీళ్లతో పండిన మిరపను కూలీగా కోయడానికి వంగింది. రెండు చేతులా కోసేది, ఆమె ఒడి మా అందరికన్నా ముందు నిండేది.

కాస్త పొద్దెక్కాక రూతమ్మ మంచినీళ్ల బిందె తెచ్చింది. వంగిన వాళ్లలో అక్కను చూసింది. బిందె గట్టు మీద పెట్టి, చాళ్లలో పడుతూ లేస్తూ వచ్చి అక్క కాళ్లు పట్టుకుంది.

"నువ్వు కొయ్యబాక అక్కా. నీకు దణ్ణం పెడతా, కొయ్యబాక."

"ఎందుకంట? పండిన కాయ రాలిపోదా?"

"అన్నీ అబద్ధాలు చెప్పానక్కా..."

"తెలుసులే. లే, కొమ్మలు విరుగుతాయి."

రూతమ్మ లేవలేదు. "బాప్తిస్మం తీసుకుంటా అక్కా. ఈసారి ఒట్టు. మా ఆయన కూడా సరే అన్నాడు. వచ్చే ఆదివారమే తీసుకుంటాం."

మేమంతా నడుములెత్తి నిలబడ్డాం. ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇందుకే కదా దేవుడు ఆమె చేను ఎండబెట్టింది అనుకున్నాను. అక్క ఇప్పుడు ఆ పిల్లను లేపి కౌగిలించుకుంటుందని చూస్తున్నాను.

అక్క మొహంలో నవ్వు లేదు.

"వద్దు" అంది.

రూతమ్మ తల ఎత్తి చూసింది.

"అప్పుడు నీళ్ల కోసం యేసయ్య పేరు చెప్పావు. ఇప్పుడు నీళ్లు ఇచ్చినందుకు చెప్తానంటన్నావు. ఆయన పేరు నా మోటారు స్విచ్చి కాదు తల్లీ. ఎప్పుడన్నా నా మొహం చూడకుండా, నీ అంతట నీకు కావాలనిపిస్తే అప్పుడు ఆయన్ని అడుగు. నన్ను కాదు."

"అనిపించకపోతే?"

"అనిపించకపోతే లేదు."

"మరి నేను నీకు ఏమవుతా అక్కా?" ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొగుడు గట్టు మీద నిలబడి తల వంచుకున్నాడు.

"చెల్లెలివి. ఆ మాట నేనన్నది. నువ్వు చెప్పిన అబద్ధాల్లో అది లేదుగా" అంది అక్క. వంగి, కారం మంటకు ఎర్రబడ్డ వేళ్లతో ఆమె మోచెయ్యి పట్టుకుని లేపింది. "నీ అసలు పేరేంది?"

ఆ పిల్ల మెల్లిగా "అంకమ్మ" అంది.

"అంకమ్మ." కొత్త కూర ఉప్పు చూసినట్టు, ఆ పేరును ఒకసారి నోట్లో తిప్పుకుంది అక్క. "బాగుంది. పదా అంకమ్మా, ఈ చాలు ఇద్దరం కోద్దాం."

మరుసటి ఏడు వాళ్లు వేరే ఊళ్లో బోరున్న నేల చూసుకున్నారు. గుడికి పోతున్నారో, ప్రభ కడుతున్నారో నాకు తెలియదు. అక్కను నేను అడగలేదు. అడగాల్సిన మాట కాదని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఆ కోత రోజు భోజనాల వేళ తుమ్మచెట్టు కింద క్యారేజీలు విప్పాం. అంకమ్మ కూడా కంచం తెచ్చుకుని ఒక వార కూర్చుంది. అక్క ఎప్పటిలాగే అన్నం ముందు ప్రార్థన మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ మా అందరికన్నా గట్టిగా కళ్లు మూసుకుని, అందరికన్నా పెద్దగా ఆమెన్ చెప్పింది ఈ పిల్లే. ఆ రోజు మాత్రం చేతులు జోడించాలో వద్దో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తెరిచే ఉంచింది. ప్రార్థన అయ్యేదాకా అక్క మొహాన్నే చూస్తూ కూర్చుంది. నాకెలా తెలుసంటారా, నేనూ కళ్లు తెరిచాను గనుక.

ఆమెన్ అన్నాక అక్క తన గిన్నెలోంచి సగం అన్నం, సగం పచ్చడి ఆమె కంచంలోకి తోసింది.

"ఇన్నాళ్లూ ఎవరో రూతమ్మంట, నా ఇంటికొచ్చి తినిపోయేది" అంది. "నువ్వు నాతో కలిసి అన్నం తినటం ఇదే మొదలు. తిను అంకమ్మా."

ఇంత శ్రద్ధగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొలాల్లో తడి ఆరకుండును గాక. మీ నోటి మాట మీ పిల్లల దాకా నిలిచి ఉండును గాక. మీ ఇంట కంచం ముందు కూర్చున్న ఏ మనిషికీ, అన్నం కోసం అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎన్నటికీ రాకుండును గాక.